నల్లగార పట్టిన బోరూ, ఖాళీ బిందె

శ్రీకాకుళం వైపు వెళ్ళొచ్చానని తెలియగానే మా బజారులో అందరూ అడిగింది ఒకటే మాట: "ఏం తెచ్చారండీ?" ఏమీ తేలేదన్నాను. ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోవడం న్యాయమే. రాజమండ్రిలో పంపుసెట్ల కొట్టు మాది. గల్లాపెట్టె పక్కన ఉయ్యాల కట్టి పెంచారు నన్ను. తీర్థానికి వెళ్ళినా నాలుగు రూపాయలు మిగిలే సరుకు ఏదో ఒకటి సంచిలో వేసుకురావడం మా ఇంటి ఆచారం. ఈసారి సంచి కూడా అక్కడే వదిలేసి వచ్చాను. ఎందుకొదిలానో చెప్పాలంటే ముందు గార సంగతి చెప్పాలి.

పళ్ళకు పట్టినట్టే పంపులకూ గార పడుతుంది. భూమిలోంచి వచ్చే నీళ్ళలో కరిగి ఉన్న ఖనిజాలు పంపు లోపల పొరలు పొరలుగా పేరుకుని రాయి అయిపోతాయి. మాకు దగ్గర్లో ఉన్న చమురు బావుల్లోనూ ఇదే బాధ. చమురుతో పాటు పైకొచ్చే ఉప్పునీళ్ళు పంపుల్నీ గొట్టాల్నీ లోపల్నుంచి మూసేస్తాయి. బెత్తెడు గొట్టంలో బొటనవేలు దూరదని అక్కడ పనిచేసి వచ్చిన డ్రైవర్లు చెబుతారు. ఆ బావులకు సరుకు వేసే కాంట్రాక్టరొకాయన వ్యాపారం ఎత్తేస్తూ, గార కరిగించే పొడి డబ్బాలు అమ్మకానికి పెట్టాడు. ఆయన విసిగిపోయి దండం పెట్టేదాకా బేరమాడి మొత్తం కొనేశాను. ఎంతకు తగ్గిస్తారని అడిగాను. అన్నీ తీసుకుంటే ఇంకెంత తగ్గిస్తారని అడిగాను. డబ్బాలకు వేరే డబ్బులా అని కూడా అడిగాను. ఏ రకం గారకు పనిచేస్తుందని మాత్రం అడగలేదు. బేరగాడి బుర్ర అంతే, ధర దగ్గరే తెల్లారిపోతుంది.

సరిగ్గా ఆ వారంలోనే మా బావ అప్పలనాయుడు ఫోన్ చేశాడు. మా పిన్ని కూతురు రమణను చీపురుపల్లి దగ్గర పల్లెలో ఇచ్చాం. ఆమె భర్త.

"బావా, బోరు నీల్లు సన్నబడిపోనాయి. మోటారు ట్రిప్పయిపోతన్నాది. సేనేమో పీసు మీదున్నాది. కొత్త పంపు కొనీమంటావా?"

చేనంటే మొక్కజొన్న. కంకికి పీచు వచ్చే రోజుల్లో నీళ్ళు తప్పితే కంకి వస్తుంది గాని గింజ రాదు. ఏడాది పంట ఆ కొద్ది రోజుల మీద నిలబడి ఉంటుంది. ఇదంతా తెలిసి కూడా నేనన్న మాట చూడండి.

"కొత్తదెందుకు బావా, డబ్బు దండగ! గార పట్టుంటుంది. చమురు బావుల మందు నా దగ్గరుంది. నేనొస్తున్నా."

బోరులోంచి మోటారు ఎత్తే జట్టు బుధవారం దాకా ఖాళీ లేదన్నాడు బావ. అయినా నేను ఆదివారానికే దిగిపోయాను. ఒకే ప్రయాణంలో దేవుణ్ణీ చుట్టాల్నీ వ్యాపారాన్నీ చూసుకు రాకపోతే మాకు తిన్నది అరగదు.

అరసవల్లి

శ్రీకాకుళం రోడ్ అనే స్టేషను శ్రీకాకుళంలో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. ఈ తేడాను ఆటోవాళ్ళు బాగా వాడుకుంటారని ముందే విన్నాను కాబట్టి కత్తి దూసినట్టు దిగాను. అరసవల్లికి మూడొందలన్నాడు. నేను నూట యాభై అన్నాను. అతను నవ్వాడు.

"సూర్యనారాయనమూర్తి కాడికెల్తన్నారు, బేరమేటి బాబూ? సరే, ఎక్కండి."

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే అనుమానించాల్సింది. గెలిచిన మత్తులో ఎక్కేశాను. ఆటో కదిలేలోగా ఇంకో అయిదుగురు నా డబ్బాల మీదా నా మోకాళ్ళ మీదా సర్దుకున్నారు. దిగేటప్పుడు తలా నలభై ఇచ్చి వెళ్ళిపోయారు. పక్కన కూర్చున్న ముసలాయన నా చేతిలో నోట్లు చూసి, "అంతిచ్చీసినావేటి నాయినా?" అని జాలిపడ్డాడు.

పోయిన పరువు లాడ్జిలో రాబట్టుకోవాలనుకున్నాను. గది చూపించగానే స్నానాలగదిలోకి వెళ్ళి షవరు విప్పి, చిల్లుల్లో పేరుకున్న తెల్లటి గారను గోటితో గీకి ఓనరుకు చూపించాను. గీజరులో ఇంతకు పదింతలు ఉంటుందనీ, కరెంటు ఎలా వృథా అవుతుందనీ, ఒకనాడు కాయిల్ ఎలా పేలుతుందనీ ఉపన్యాసం ఇచ్చాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. అద్దెలో వంద తగ్గించాడు. తగ్గించి, గీజరు స్విచ్చి మీద అడ్డంగా టేపు అంటించాడు.

"కాయిల్ పేలిపోతాదని మీరే సెప్పినారు కదండీ. మీకేటైనా అయితే మాకు మాటొస్తాది."

సూర్యదేవుడి ఊళ్ళో చన్నీళ్ళ స్నానం చేసి వణుక్కుంటూ లైన్లో నిలబడ్డాను. ఆదివారం కదా, లైను లాడ్జి దాకా ఉంది. ముందున్న పెద్దావిడ కొంగు చాటునుంచి అరటిపండు తీసి పెట్టింది. ఎవరు, ఏ ఊరు అని అడగలేదు. మా ఊళ్ళో అయితే ఊరు, పేరు, అద్దె ఇల్లా సొంతిల్లా అన్నీ తేలాక గాని పండు బయటికి రాదు.

శ్రీకూర్మం

సోమవారం శ్రీకూర్మం. గుడికి రెండు ధ్వజస్తంభాలుండడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఒకటి కొంటే ఒకటి ఉచితమేమోనన్న పాడు ఆలోచన వచ్చింది. దేవుడు క్షమించాలి. ఆవరణలో తాబేళ్ళకు ఆకుకూర పెడుతున్నారు. కట్ట పదిహేను. నేను పన్నెండుకు అడిగితే అమ్మే ఆవిడ తాబేలు వంక చూసి, "నువ్వే సెప్పవే, నీకు తగ్గించి ఎడతన్నాడట" అంది. పదిహేనూ ఇచ్చాను.

తిరుగు ఆటోలో ఎండు నెత్తళ్ళ చేపల గంపతో ఒకామె నా పక్కన కూర్చుంది. సముద్రం ఒడ్డు పల్లె ఆమెది. డబ్బాలు చూసి అవేటని అడిగింది. పంపులకు పట్టిన గారను కరిగించే మందన్నాను.

"మా బోటు ఇంజినుకీ పడతాది ఉప్పు గార. మీ మందేస్తే పోతాదేటి?"

"ఎందుకు పోదు? ఏ గారైనా పోతుంది."

"ఏసి సూసినావేటి?"

"ఇంకా లేదు."

ఆమె గంపను నా డబ్బాలకు దూరంగా అటువైపు మార్చుకుంది.

శ్రీకాకుళం బజారులో కొండ నుంచి దిగిన చింతపండు కుప్పలు పోసి ఉంది. కొత్త పంట. ఎర్రగా, గింజ తీసి, చూస్తేనే నోరూరేట్టు ఉంది. మా ఊరి ధరతో పోలిస్తే కిలోకి నలభై తక్కువ. అయినా ఇంకా తగ్గించమన్నాను. అమ్మే కొండ మనిషి తగ్గించలేదు, తగ్గించనని కూడా అనలేదు. నేను అడిగినప్పుడల్లా ఇంకో గుప్పెడు తీసి తూకం మీద వేసింది. ఆమెకు అలవాటైన బేరం అది. నాకు తెలియదు. అలా అడుగుతూ అడుగుతూ గోతాం సంచి నింపుకున్నాను. రాజమండ్రిలో ఎంతకు అమ్మవచ్చో రాత్రంతా లెక్కలు వేసుకున్నాను.

చీపురుపల్లి

మంగళవారం పాసింజరు దిగేసరికి బావ బండి వేసుకుని వచ్చాడు. ముందు డబ్బాలు, వెనక నేను, నా ఒళ్ళో చింతపండు. దారిపొడుగునా నేల ఎర్రగా ఉండి, అక్కడక్కడ గనుల దగ్గర నల్లగా దిబ్బలున్నాయి. మాంగనీసు అన్నాడు బావ. "ఓహో" అన్నాను. ఆ నల్లదనం అక్కడి నీళ్ళలో కూడా ఉంటుందేమోనన్న ఆలోచన పంపులు అమ్మి బతికేవాడికి రావాలా వద్దా?

రమణ పెళ్ళయి పాతికేళ్ళయింది. గోదావరి యాస సగం కరిగిపోయింది. "రా అన్నయ్యా, సిక్కిపోనావేటి?" అంటూ చోడి అంబలి పోసి, పక్కన ఉల్లిపాయ, కాల్చిన ఎండుమిరపకాయ పెట్టింది. మేము రాగులనేవి వాళ్ళకు చోళ్ళు. మా ఊళ్ళో షుగరొచ్చాక డాక్టరు చెబితే తాగుతాం. వీళ్ళు పొలానికి వెళ్ళేముందు తాగుతారు, కాబట్టి ఆ డాక్టరు దాకా వెళ్ళరు. రెండు గిన్నెలు తాగి, జీర్ణానికని చేను గట్టు మీదికి నడిచాను. నా బుద్ధిమాంద్యానికి మొదటి మెట్టు అదే.

మొక్కజొన్న ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. నీళ్ళు లేని చేను అలా చుట్టుకుంటుంది. పక్క పొలం వంకాయతోట. దాని మోటారు షెడ్డు దగ్గర్నుంచి మా చేను దాకా నీలంరంగు గొట్టం పరిచి ఉంది. షెడ్డు నీడలో అరవై దాటిన ఒకావిడ కూర్చుని చుట్ట ఆరబెట్టుకుంటోంది. పైడమ్మ. బావకు వరసకు అత్త.

గొట్టం పరిచి పెట్టి కూర్చుందంటే సరుకు గుమ్మంలో పెట్టి గిరాకీ కోసం చూస్తోందని నాకు అర్థమైంది. మా బజారు కళ్ళకు ఇంకోలా ఎలా కనబడుతుంది?

"ఏమ్మా, గంటకెంత?" అన్నాను.

ఆవిడ తలెత్తి చూసింది. "ఏటి గంటకి, బాబూ?"

"నీళ్ళే. మా బావ చేనుకి."

కొంచెం సేపు నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వెంతిస్తావేటి?"

గిరాకీ చేత ధర చెప్పించడం పాత ఎత్తు. నేనూ తక్కువవాణ్ణి కాదు. ఒక సంఖ్య చెప్పాను. కరెంటు మీకు ఎలాగూ ఉచితమే కదా అన్నాను. నీళ్ళు సన్నగా వస్తే సగమే ఇస్తామన్నాను. రెండు రోజులకు కలిపి మాట్లాడుకుంటే ఇంకొంచెం తగ్గించాలన్నాను. పైడమ్మ లేచింది. మా చేను దాకా నడిచి వెళ్ళి, గొట్టం చివర పట్టుకుని, తొందర లేకుండా దాన్ని చుట్టుకుంటూ వెనక్కి వచ్చింది. చుట్టిన గొట్టాన్ని షెడ్డులో పెట్టి గడియ వేసింది.

"అమ్మకానికి నీల్లేటి బాబూ నా కాడ? వంకాయలున్నాయి, కావాలేటి?"

ఇంటికొచ్చి, ఆవిడ ధర పెంచడానికి బెట్టు చేస్తోందని బావకు చెప్పాను. బావ తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

"ఎంత పని సేసీసినావు బావా!"

అప్పుడు చెప్పింది రమణ. ఆ పల్లెలో ఎవరి మోటారు ఆగినా ఇంటి ఆడది ఖాళీ బిందె చంకన పెట్టుకుని పక్క పొలంవాళ్ళింటికి వెళుతుంది. నోరు తెరిచి అడగక్కర్లేదు. వాళ్ళు బిందె నింపి పంపితే, బోరు నీళ్ళు ఇస్తామని. రేపు వాళ్ళది ఆగితే వీళ్ళు ఇస్తారు. అది బదులు. రూపాయి మాట మధ్యలోకి రాదు. నిన్న సాయంత్రమే రమణ బిందెతో వెళ్ళొచ్చింది. పైడమ్మ నింపింది. కరెంటొస్తే వదులుదామని పొద్దున్నే గొట్టం పరిచింది.

"నింపిన బిందె అత్త మొకాన్న పోసీసినట్టయినాది నీ బేరం" అంది రమణ.

మా గోదావరి పక్క కాలవ గట్టు తెగితే నీళ్ళెక్కువయ్యాయని కొట్టుకుంటాం. నీళ్ళు అడగడానికి ఒక పద్ధతి ఉంటుందని నాకెవరు చెబుతారు?

నల్లగార

బుధవారం పొద్దున్నే మోటారు ఎత్తే జట్టు వచ్చింది. మూడుకాళ్ళ స్టాండు వేసి, గొలుసు తగిలించి, ఒక్కో గొట్టమే పైకి లాగారు. జట్టుకు పెద్ద సింహాచలం. పంపు బయటపడగానే, "ఇదేటి బాబూ, మసిబారిన కుండనాగున్నాది" అన్నాడు. విప్పి చూస్తే లోపల తిరిగి నీళ్ళు తోసే ఫ్యానులన్నీ మాడిన అన్నం గిన్నె అడుగులా ఉన్నాయి. గార నల్లగా, మెరుస్తూ, గట్టిగా ఉంది. నేను పుట్టి బుద్ధెరిగి తెల్ల గారే చూశాను.

అయినా మొండి ధైర్యంతో గాబులో నా పొడి కలిపి ఫ్యానులు ముంచాను. ఊరంతా చుట్టూ చేరింది. ఒక మూల నాలుగు బుడగలు లేచాయి. అంతే. డబ్బా వెనక డబ్బా పోశాను. మధ్యాహ్నానికి నల్లగార ఇంకా కడిగిన ముత్యంలా నిగనిగలాడుతోంది. అప్పుడు చమురు బావుల డ్రైవరొకడికి ఫోన్ చేస్తే, అక్కడ గార ముక్క తీసి ఏ రకమో ముందు పరీక్ష చేశాకే మందు పోస్తారన్నాడు. ఈ ముక్క కొనకముందు చెప్పలేదేమని అడిగాను. "మీరు అడిగారేంటండీ?" అన్నాడు.

పట్టుదల పెరిగింది. స్నానాలగది కడిగే యాసిడ్ తెప్పించి పళ్ళెంలో నల్లగార మీద పోశాను. బుస్సుమని పసుపుపచ్చ పొగ లేచింది. బ్లీచింగ్ పౌడరు వాసన పదింతలై ముక్కులో పొడిచింది. కోళ్ళు ముందు పరుగెత్తాయి, వాటి వెనక మనుషులు, అందరికన్నా వెనక నేను. చదివేవాళ్ళెవరూ ఈ పని చెయ్యకండి, ప్రాణం మీదికొస్తుంది. వేపచెట్టు దాటాక సింహాచలం దగ్గుతూ అన్నాడు:

"గార సావనేదు గానీ బాబూ, మనం సచ్చిపోదుం!"

కొత్త పంపు తెప్పిద్దామంటే ఆ సైజు మా కొట్టులోనూ లేదు, విజయనగరంలో అడిగితే సోమవారానికి గాని రాదన్నారు. అప్పటిదాకా చేను ఆగదు. బావ చేనులోకి వెళ్ళి ఒక కంకి పీచు చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

పైడమ్మ దగ్గరికి వెళ్ళాను. క్షమించమని అడగడానికే వెళ్ళాను. నోరు మాత్రం తనకు వచ్చిన విద్యే ప్రదర్శించింది.

"అమ్మా, నిన్న నేను తక్కువ చెప్పాను. దానికి రెట్టింపు ఇస్తాం."

"నీ సెవుల్లో గూడా పట్టీసినాదేటి, ఆ నల్లగార?" అంది ఆవిడ, తల ఎత్తకుండానే.

ఖాళీ బిందె

"అన్నయ్యా, నువ్వే ఎల్లాలి బిందెట్టుకుని" అంది రమణ.

"నువ్వెళితే?"

"నా బిందె నింపీసినాది కదా అత్త. ఒలకబోసినోడివి నువ్వు."

సరేనని బిందె చేత్తో పట్టుకున్నాను. చంకన పెట్టుకోవాలట. చేత్తో పట్టుకెళితే బావి దగ్గరికి వెళుతున్నట్టు, అడగడానికి వెళుతున్నట్టు కాదట. యాభై ఏళ్ళ మగాణ్ణి, మీసం, చేతికి వాచీ, పంట్లాము, చంకన స్టీలు బిందె. అదొక పక్కకీ నేనొక పక్కకీ జారుతున్నాం. టీకొట్టు దగ్గర మధ్యాహ్నం పొగకు పరుగెత్తినవాళ్ళందరూ ఉన్నారు.

"ఏటి బాబూ, బిందె ఎంతకి కొన్నావు?"

"ఒరే, పక్కకి తప్పుకోండ్రా, పొగొస్తాది!"

పైడమ్మ గుమ్మంలో నిలబడ్డాను. ఏమీ అడగకూడదని రమణ ఒట్టు వేయించుకుంది. నా జన్మలో ఒక గుమ్మం ముందు నోరు మూసుకుని నిలబడ్డం అదే మొదలు. నాలుక ఎన్నిసార్లు కదిలిందో నాకు తెలుసు. ఆవిడ వంకాయలు తరుగుతోంది. అన్నీ తరిగింది. పొయ్యి మీద వేసింది. మూత పెట్టింది. అప్పుడు వచ్చి నా చంకలోంచి బిందె లాక్కుని, గోలెంలోంచి నిండా ముంచి, తిరిగి నా చంకకు ఎత్తింది. చొక్కా తడిసింది, పంట్లాము తడిసింది.

"ఒలక్కుండా అట్టుకెల్లు."

సగం ఒలకబోసుకుంటూ ఇల్లు చేరాను. అరుగు మీంచి పొలం వైపు చూస్తే ఆవిడ షెడ్డు గడియ తీస్తోంది.

మిగిలిన పని మాది. ఆవిడ బోరు నీళ్ళూ సన్నగానే వస్తున్నాయి, అదీ ఆగేలోపు మాది నడవాలి. లేకపోతే బదులు అన్న మాటకు అర్థమేముంది? మా కొట్టులో ఇత్తడి తక్కెడ పళ్ళేలు నల్లబడితే మా అమ్మ చింతపండుతో తోమేది. ఇంకే దారీ లేక, గోతాం సంచి విప్పి చింతపండంతా పెద్ద డేగిసాలో వేసి మరిగించి, ఫ్యానులు అందులో ముంచాం. రాజమండ్రిలో రావలసిన లాభమంతా కళ్ళముందే పులుసైపోయింది. గురువారం పొద్దున చూస్తే గార రాయితనం పోయి అట్టలా మెత్తబడింది. బావ, సింహాచలం, నేను కూర్చుని, సైకిలు పుల్లలతో, అరిగిన హాక్‌సా బ్లేడ్లతో గీకాం. గోతాం సంచి చింపి దానితో రుద్దాం. వేళ్ళు నల్లబడ్డాయి. మళ్ళీ ముంచాం, మళ్ళీ గీకాం. ఆ పక్కన పైడమ్మత్త గొట్టం లోంచి నీళ్ళు మొక్కజొన్న సాళ్ళలో ఒక్కొక్కటే పాకుతూ వెళుతున్నాయి.

సాయంత్రానికి చివరి సాళ్ళు కొన్ని మిగిలి ఉండగా ఆవిడ మోటారు గుర్రుమని ఆగిపోయింది. దానికీ అదే గార.

శుక్రవారం పొద్దున మా పంపు బోరులోకి దించాం. బావ స్టార్టరు నొక్కాడు. మొదట గాలి, తరవాత నల్లటి నీళ్ళు, ఆ తరవాత గొట్టం నిండా తెల్లటి నీళ్ళు. రమణ చేతులు జోడించింది. బావ గొట్టం తీసుకుని తిన్నగా వంకాయతోట వైపు నడిచాడు. పైడమ్మత్త ఎదురొచ్చి గట్టు మీద ఆపేసింది.

"ఇటెందుకు తెస్తన్నావు? నీ సేను పూర్తవనేదు."

"నీ మోటారు మా సేను కోసమే కదత్తా ఆగినాది. ముందు నీకే."

"వంకాయకి రేపైనా పర్లేదురా. సేను సూడు, పీసు ఎండిపోతన్నాది."

"నువ్వు తాగించినావు, నిన్నొగ్గీసి మేము తాగుతామేటి? కాదు, నీకే."

"నా మాట ఇనవేటిరా నువ్వు?"

పుట్టినప్పట్నుంచి బేరాల్లోనే బతికినవాణ్ణి. ఎదుటివాడికే ఎక్కువ పోవాలని ఇద్దరూ పోట్లాడుకునే బేరం నేనెన్నడూ చూడలేదు. ఇందులో మధ్యవర్తికి ఏం పని ఉంటుందో కూడా తెలియదు. నీళ్ళు మాత్రం ఇద్దరికీ కాకుండా గట్టు మీదినుంచి దారిలోకి పోతున్నాయి. ఒక్క చుక్క వృథా అయినా గుండెలు బాదుకునే జాతి మాది. వాళ్ళ మధ్యలోకి దూరి, గొట్టం లాక్కుని, మొక్కజొన్న చివరి సాలు మధ్యలో పెట్టేశాను.

ఇద్దరూ ఒక్కసారే నా వైపు తిరిగారు.

"ఎవలు ఎట్టమన్నారు నిన్ను?" అంది పైడమ్మత్త.

"ఎవరూ చెప్పలేదత్తా. ఈ బేరం ఇవాళ తెగేలా లేదు."

ఆవిడ సాలు వంక చూసింది. నెర్రెలిచ్చిన మట్టి నీళ్ళు తాగుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఎట్టినోడివి సరిగ్గా ఎట్టు మరి! అలగ మద్దిలో ఎడితే సివరికి ఎక్కుతాదేటి? మొదట్లో ఎట్టు. ఆ సెప్పులిప్పి దిగరా బురదలోకి, బేగి!"

చెప్పులిప్పి దిగాను. పార చేతికిచ్చింది. మడమ లోతు బురదలో నిలబడి, ఆవిడ గట్టు మీదినుంచి అరుస్తుంటే, ఒక్కో సాలుకే నీళ్ళు మళ్ళించాను. నేను ఎక్కాల్సిన బండి ఆ మధ్యాహ్నం నేను లేకుండానే చీపురుపల్లి దాటిపోయింది. చివరి సాలు నిండాక గొట్టం వంకాయతోటలోకి మార్చాం. అప్పుడు ఎవరూ కాదనలేదు.

పొద్దు వాలేవేళకు చివరి సాళ్ళలో చుట్టుకుపోయిన ఆకులు మెల్లగా విచ్చుకున్నాయి. పైడమ్మత్త ఒక ఆకు రెండు వేళ్ళ మధ్య చాపి చూసింది. కంకి పీచు చూసింది. ఇంకా పచ్చిగానే ఉంది.

"గింజ కడతాది" అని బావతో అని, వంకాయలు కొయ్యడానికి వెళ్ళిపోయింది.